పాత కంప్యూటర్‌లో డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కానప్పుడు: కారణం తెలుసుకునే క్రమం

పాఠ్యోద్దేశం

శుభలేఖలు, కరపత్రాలు, దుకాణపు బోర్డులు, ఫ్లెక్సీలు, రవికెల ఎంబ్రాయిడరీ నమూనాలు, దుప్పట్ల అంచుల రూపకల్పన వంటి పనులతో జీవనం సాగించే తెలుగు కుటుంబాలు మన నగరాలలో ఎన్నో ఉన్నాయి. షోలాపూరు, భివండీలలోని మగ్గాల పేటలు మొదలుకొని బెంగళూరు, చెన్నై, బరంపురంలోని ముద్రణశాలల వరకు ఈ వృత్తులన్నింటికీ నేడు కంప్యూటరే పనిముట్టు. అయితే చాలా చోట్ల ఆ కంప్యూటర్ పది, పన్నెండేళ్ల నాటిది. కొత్త సాఫ్ట్‌వేర్‌ను అందులో ఎక్కించబోతే ఆంగ్లంలో ఒక సందేశం కనబడి పని ఆగిపోతుంది. అప్పుడు చాలామంది మూడు మార్గాలలో ఒకదానిని పడతారు: తొందరపడి కొత్త యంత్రం కొంటారు, తెలిసినవారు ఇచ్చిన దొంగ ప్రతిని ఎక్కిస్తారు, లేదా యంత్రంలో ఉన్నదంతా చెరిపించి విండోస్‌ను మళ్లీ వేయిస్తారు. మొదటి మార్గంలో డబ్బు, రెండవ దానిలో భద్రత, మూడవ దానిలో ఏళ్ల తరబడి చేసిన పని పోయే ప్రమాదం ఉంది.

ఇన్‌స్టలేషన్ విఫలమైతే దానికి ఒక నిర్దిష్టమైన కారణం ఉంటుంది. ఆ కారణాన్ని క్రమపద్ధతిలో వెదకడం ఈ పాఠం నేర్పుతుంది. ఇందుకు కంప్యూటర్ శాస్త్రం చదివి ఉండనవసరం లేదు. ఒక నోటు పుస్తకం, ఓపిక ఉంటే చాలు.

1. అన్నిటికంటె ముందు: పాత పనిని భద్రపరచుట

ఏ మార్పు చేయకముందే పాత ఫైళ్లను వేరొక హార్డ్ డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో నకలు చేసుకోవాలి. ఈ సలహా అందరికీ వర్తించేదే అయినా తెలుగు డి.టి.పి. పని చేసేవారికి ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఉంది.

పాత పేజ్‌మేకర్, కోరల్‌డ్రా ఫైళ్లలో చాలా భాగం యూనికోడ్ కాని ఫాంట్లతో తయారైనవి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం తెలుగు అక్షరంగా నిలువ ఉండదు. ఆంగ్లాక్షరాలకూ చిహ్నాలకూ కేటాయించిన స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలు అమర్చి ఉంటాయి. ఫాంట్ ఉన్నంతవరకు తెర మీద చక్కని తెలుగు కనబడుతుంది. ఫాంట్ పోయిన మరుక్షణం అదే ఫైలు అర్థం లేని ఆంగ్లాక్షరాల వరుసగా మారుతుంది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 సంచికకు యూనికోడ్ అసలే తెలియదు. కనుక ఈ మూడు పనులు తప్పనిసరి:

(అ) ఫైళ్లతో పాటు ఆ ఫాంట్ ఫైళ్లను కూడా నకలు చేయాలి. ఇవి విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్ అనే ఉపఫోల్డర్‌లో ఉంటాయి.

(ఆ) ముఖ్యమైన ప్రతి పనికీ, ఫాంట్లు లోపల ఇమిడి ఉండేటట్లు, ఒక పి.డి.ఎఫ్. ప్రతి తీయాలి. కోరల్‌డ్రాలో అయితే అక్షరాలను కర్వ్‌లుగా మార్చిన మరొక ప్రతిని వేరే పేరుతో దాచాలి. కర్వ్‌లుగా మారిన అక్షరాలను తరువాత దిద్దలేము కాబట్టి అసలు ప్రతిని చెరపకూడదు.

(ఇ) కొన్ని భారతీయ భాషా ప్యాకేజీలు డాంగిల్ అనే చిన్న తాళపు పరికరం ఉంటేనే పనిచేస్తాయి. ఆ పరికరపు డ్రైవర్ కొత్త విండోస్‌కు దొరుకుతుందో లేదో ముందే విచారించాలి. 32 బిట్‌ల నాటి డ్రైవర్ 64 బిట్‌ల విండోస్‌లో పనిచేయదు. పాత ప్రింటర్లకూ కటింగ్ ప్లాటర్లకూ ఇదే నియమం.

2. యంత్రం జాతకం: ఐదు వివరాలు

నాడి చూడకుండా మందు ఇవ్వరాదు. విండోస్ కీని, ఆర్ అక్షరపు కీని కలిపి నొక్కితే రన్ అనే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో డి, ఎక్స్, డి, ఐ, ఏ, జి అనే ఆరు ఆంగ్లాక్షరాలను ఖాళీ లేకుండా టైపు చేసి ఎంటర్ నొక్కాలి. తెరుచుకునే పట్టికలో కావలసినవి దాదాపు అన్నీ ఉంటాయి. ఈ వివరాలను నోటు పుస్తకంలో వ్రాసుకోవాలి:

మొదటిది, ఆపరేటింగ్ సిస్టమ్ పేరు: విండోస్ 7, 8.1, 10 లలో ఏది? విండోస్ 7 అయితే సర్వీస్ ప్యాక్ 1 ఉన్నదా?

రెండవది, అది 32 బిట్‌లదా, 64 బిట్‌లదా?

మూడవది, ప్రాసెసర్ పేరు.

నాలుగవది, ర్యామ్ పరిమాణం.

ఐదవది, డిస్‌ప్లే అనే పుటలో కనబడే గ్రాఫిక్స్ పరికరం పేరు.

వీటితో పాటు సి డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నదో కూడా చూసి వ్రాసుకోవాలి. తరువాత, తాము ఎక్కించదలచిన సాఫ్ట్‌వేర్ తయారీదారులు తమ అధికారిక పుటలో ప్రకటించిన కనీస అవసరాలను ఈ వివరాల పక్కన పెట్టి ఒక్కొక్కటిగా పోల్చాలి. విఫలమైన ఇన్‌స్టలేషన్లలో చాలావాటికి సమాధానం ఈ పోలికలోనే దొరుకుతుంది.

3. పొసగని జత: నాలుగు సందర్భాలు

ఒకటి, బిట్‌ల తేడా. 32 బిట్‌ల సాఫ్ట్‌వేర్ 64 బిట్‌ల విండోస్‌లో సాధారణంగా పనిచేస్తుంది. 64 బిట్‌ల సాఫ్ట్‌వేర్ 32 బిట్‌ల విండోస్‌లో ఎన్నటికీ పనిచేయదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలితం మారదు. ఆటోక్యాడ్‌నే తీసుకుందాం. 2019 సంచిక వరకు అది రెండు రకాలుగానూ లభించింది. 2020 సంచిక నుండి 64 బిట్‌లకు మాత్రమే వస్తున్నది. ప్రాసెసర్ 64 బిట్‌లదై ఉండి విండోస్ మాత్రమే 32 బిట్‌లది అయితే 64 బిట్‌ల విండోస్ వేయించవచ్చు. అయితే ఇది ఉన్నదాని మీద జరిగే మార్పు కాదు. పూర్తిగా కొత్తగా వేయవలసి ఉంటుంది. అందుకే మొదటి విభాగంలో చెప్పిన భద్రత అంత ముఖ్యం. 32 బిట్‌ల విండోస్‌కు మరొక పరిమితి ఉన్నది: యంత్రంలో 8 జి.బి. ర్యామ్ అమర్చినా, సామాన్యంగా వాడే 32 బిట్‌ల విండోస్ 4 జి.బి.కి మించి వాడుకోలేదు.

రెండు, విండోస్ వయస్సు. మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 8.1కు 2023 జనవరి 10న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతును ముగించింది. మద్దతు ముగిసిన కొంత కాలానికి సాఫ్ట్‌వేర్ తయారీదారులు కూడా ఆ విండోస్‌ను వదిలివేస్తారు. ఉచితంగా లభించే గింప్ అనే చిత్రాల దిద్దుబాటు సాఫ్ట్‌వేర్‌ను చూడండి: దాని 2.10 సంచిక విండోస్ 7లో పనిచేస్తుంది. 2025లో వచ్చిన 3.0 సంచికకు విండోస్ 10 అయినా ఉండాలి.

మూడు, ప్రాసెసర్ సామర్థ్యం. ప్రతి ప్రాసెసర్‌కు కొన్ని ఆజ్ఞల సముదాయాలు తెలిసి ఉంటాయి. వాటిలో ఎస్.ఎస్.ఇ. 4.2 అనేది ఒకటి. ఇటీవలి ఫోటోషాప్ సంచికలకు ఇది తప్పనిసరి. 2006 నుండి వచ్చిన ఇంటెల్ కోర్ 2 డ్యుయో ప్రాసెసర్లలో ఇది లేదు. ఈ లోటు ర్యామ్ పెంచినా, విండోస్ మార్చినా తీరదు.

నాలుగు, గ్రాఫిక్స్. త్రిమితీయ రూపకల్పనకు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 2019లో వచ్చిన 2.80 సంచిక నుండి ఓపెన్‌జి.ఎల్. 3.3ను కోరుతుంది. 2011 ప్రాంతపు కంప్యూటర్లలో ఉండే ఇంటెల్ హెచ్.డి. గ్రాఫిక్స్ 3000 విండోస్‌లో 3.1 వరకే అందుకుంటుంది. ఇటువంటి చోట ఇన్‌స్టలేషన్ సజావుగా పూర్తవుతుంది, కాని సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఇన్‌స్టాల్ కాకపోవడం, ఇన్‌స్టాల్ అయిన తరువాత తెరుచుకోకపోవడం వేర్వేరు లక్షణాలని పాఠకులు గుర్తుంచుకోవాలి. రెండవది కనబడితే మొదట గ్రాఫిక్స్ డ్రైవర్‌ను, ఆ కార్డు తయారీదారుల అధికారిక పుట నుండి తెచ్చి, నవీకరించి చూడాలి.

4. సందేశాన్ని చదువుట

తెర మీది సందేశం ఆంగ్లంలో ఉన్నదని విసుగుతో మూసివేయడం సర్వసాధారణం. ఆ సందేశమే మనకు దొరికే ప్రధాన సాక్ష్యం. ఫోనుతో దాని ఫోటో తీయాలి. అందులోని సంఖ్యను తప్పు లేకుండా వ్రాసుకోవాలి. విండోస్ ఇన్‌స్టాలర్ చూపే సంఖ్యలలో తరచుగా ఎదురయ్యేవి ఇవి:

1601: విండోస్ ఇన్‌స్టాలర్ సేవ అందుబాటులో లేదు. యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ ప్రారంభించి చూడాలి.

1603: ఇన్‌స్టలేషన్ మధ్యలో తీవ్రమైన లోపం ఏర్పడింది. ఇది లోపం ఉన్నదని చెబుతుంది గాని ఏ లోపమో చెప్పదు. అనుమతి లేకపోవడం, పాత సంచిక అవశేషాలు, చోటు చాలకపోవడం వంటివి దీని వెనుక ఉండవచ్చు.

1618: వేరొక ఇన్‌స్టలేషన్ ఇప్పటికే నడుస్తున్నది. విండోస్ తన నవీకరణలను వేసుకుంటూ ఉండవచ్చు. అది ముగిసే వరకు ఆగాలి.

1619: ఇన్‌స్టాలర్ ఫైలు తెరుచుకోలేదు. ఫైలు అసంపూర్ణంగా దిగి ఉండవచ్చు.

1625: ఈ యంత్రపు నిబంధనలు ఇన్‌స్టలేషన్‌ను నిషేధిస్తున్నాయి. కార్యాలయాల, కళాశాలల నుండి పాతవిగా కొన్న కంప్యూటర్లలో ఇది కనబడుతుంది.

1633: ఈ ఫైలు ఈ రకం ప్రాసెసర్‌కు ఉద్దేశించినది కాదు. సామాన్యంగా బిట్‌ల తేడాయే ఇందుకు కారణం.

1603 వంటి అస్పష్టమైన సంఖ్య వచ్చినప్పుడు ఇన్‌స్టాలర్ వ్రాసిపెట్టిన చిట్టాను చూడాలి. రన్ పెట్టెలో శాతం గుర్తు, టెంప్ అనే ఆంగ్ల పదం, మళ్లీ శాతం గుర్తు టైపు చేస్తే తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందులో ఎం.ఎస్.ఐ. అనే అక్షరాలతో మొదలై లాగ్ అనే ముగింపు గల తాజా ఫైలు ఉంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి, రిటర్న్ వేల్యూ 3 అనే ఆంగ్ల పదబంధాన్ని వెదకాలి. ఆ పంక్తికి కాస్త పైన ఉన్న పంక్తులలో అసలు కారణం వ్రాసి ఉంటుంది.

5. జత పొసగినా ఆగిపోయే సందర్భాలు

యంత్రం కనీస అవసరాలను తీరుస్తున్నప్పటికీ ఇన్‌స్టలేషన్ ఆగితే, సులభమైన పరీక్ష నుండి కఠినమైన దానికి వెళ్లే ఈ వరుసను పాటించాలి. ఒకసారి ఒకే మార్పు చేసి ఫలితం చూడాలి. రెండు మూడు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు; మరొక యంత్రానికి అదే ఇబ్బంది వచ్చినప్పుడు ఆ అనుభవం ఉపయోగపడదు.

తేదీ, సమయం. మదర్‌బోర్డు మీద రూపాయి నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. చాలా యంత్రాలలో దాని గుర్తు సి.ఆర్. 2032. అది అరిగిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ కంప్యూటర్ తేదీ ఏళ్ల వెనక్కు పోతుంది. సాఫ్ట్‌వేర్ల డిజిటల్ సంతకాలకూ వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకూ చెల్లుబాటు కాలం ఉంటుంది. యంత్రం తేదీ తప్పైతే అవన్నీ చెల్లనివిగా కనబడతాయి. తేదీని సరిచేసి చూడటం ఖర్చు లేని పరీక్ష. బ్యాటరీ మార్చడం కూడా స్వల్ప ఖర్చే.

ఫైలు సంపూర్ణత. డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయిన ఫైలు పేరుకు పూర్తి ఫైలులాగే కనబడుతుంది. దాని పరిమాణాన్ని తయారీదారుల పుటలో ఇచ్చిన పరిమాణంతో పోల్చాలి. చాలా సంస్థలు షా 256 అనే 64 గుర్తుల ముద్రను కూడా ప్రకటిస్తాయి. మన ఫైలు ముద్రను లెక్కించి దానితో పోల్చితే ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు పాడైనదని తెలుస్తుంది. వేరొక కంప్యూటర్ నుండి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకునేవారు మరొక విషయం గమనించాలి: ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాట్ అయిన పెన్‌డ్రైవ్ 4 జి.బి.కి మించిన ఒకే ఫైలును స్వీకరించదు. పెద్ద ఇన్‌స్టాలర్లకు ఎక్స్‌ఫ్యాట్ గాని ఎన్.టి.ఎఫ్.ఎస్. గాని ఉండాలి.

ఆన్‌లైన్ ఇన్‌స్టాలర్. కొన్ని ఇన్‌స్టాలర్లు చిన్న ఫైలుగా దిగి, మిగిలిన భాగాన్ని నడుస్తున్నప్పుడు ఇంటర్నెట్ నుండి తెచ్చుకుంటాయి. నేటి వెబ్‌సైట్లు టి.ఎల్.ఎస్. 1.2 అనే భద్రతా పద్ధతిని కోరుతాయి. నవీకరణలు లేని విండోస్ 7లో చాలా కార్యక్రమాలకు ఆ పద్ధతి అప్రమేయంగా అందదు. అందువలన బ్రౌజర్‌లో ఇంటర్నెట్ చక్కగా వస్తున్నా ఇన్‌స్టాలర్ మాత్రం ఇంటర్నెట్ లేదని ఫిర్యాదు చేస్తుంది. పూర్తి పరిమాణపు ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దొరికితే ఈ సమస్య తొలగుతుంది.

ఖాళీ చోటు. ఇన్‌స్టాలర్ మొదట తనను తాను తాత్కాలిక ఫోల్డర్‌లో విప్పుకొని, తరువాత సి డ్రైవ్‌లో నెలకొంటుంది. కనుక ప్రకటించిన పరిమాణం కంటే రెండు మూడు రెట్ల ఖాళీ ఉంచడం మంచిది. సాఫ్ట్‌వేర్‌ను డి డ్రైవ్‌లో పెట్టమని కోరినా విప్పుకునే పని సాధారణంగా సి డ్రైవ్‌లోనే జరుగుతుంది.

సహాయక భాగాలు. ఒక డి.ఎల్.ఎల్. ఫైలు లేదని సందేశం వస్తే, ఆ ఒక్క ఫైలును ఎక్కడి నుండో దింపి అతికించరాదు. అటువంటి ఫైళ్లను విడిగా పంచే చోట్ల వైరస్‌లు కలిసి రావచ్చు. పైగా ఆ ఫైలు ఒంటరిగా పనిచేయదు. వి.సి. రన్‌టైమ్ 140 లేదా ఎం.ఎస్.వి.సి.పి. 140 అన్న పేరు కనబడితే మైక్రోసాఫ్ట్ వారి విజువల్ సి ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ ప్యాకేజీ కావాలని అర్థం. ఏ.పి.ఐ., ఎం.ఎస్., విన్, సి.ఆర్.టి. అనే ముక్కలతో పొడవైన పేరు కనబడితే యూనివర్సల్ సి రన్‌టైమ్ నవీకరణ కావాలని అర్థం; విండోస్ 7లో దానికి సర్వీస్ ప్యాక్ 1 ముందుగా ఉండాలి. డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ కోరితే విండోస్ 7కు అందే చివరి సంచిక 4.8 అని తెలుసుకోవాలి. విండోస్ 10లో 3.5 సంచికను కోరే పాత సాఫ్ట్‌వేర్ కోసం కంట్రోల్ ప్యానెల్‌లోని విండోస్ ఫీచర్స్ జాబితాలో దానికి టిక్ పెడితే చాలు.

తెలుగు పేరు గల యూజర్ ఫోల్డర్. ఇది మనవంటి వారికే ఎక్కువగా ఎదురయ్యే చిక్కు. విండోస్‌లో యూజర్ పేరును తెలుగు లిపిలో పెట్టుకొని ఉంటే తాత్కాలిక ఫోల్డర్ మార్గంలో తెలుగు అక్షరాలు వస్తాయి. యూనికోడ్ తెలియని పాత ఇన్‌స్టాలర్లు ఆ మార్గాన్ని చదవలేక ఆగిపోతాయి. పేరును తరువాత మార్చినా ఫోల్డర్ పేరు మారదు. ఆంగ్లాక్షరాలతో, ఖాళీలు లేని పేరుతో కొత్త యూజర్ ఖాతాను తెరిచి, దానికి అడ్మినిస్ట్రేటర్ హోదా ఇచ్చి, అందులో నుండి ఇన్‌స్టాల్ చేయాలి. ఇన్‌స్టాలర్ ఫైలును కూడా ఆంగ్ల పేరు గల ఫోల్డర్‌లోనే ఉంచాలి.

అనుమతి, అవశేషాలు, యాంటీవైరస్. ఇన్‌స్టాలర్ మీద కుడి క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోవాలి. పాత సంచిక సగం తొలగి ఉంటే, దానిని కంట్రోల్ ప్యానెల్ ద్వారా పూర్తిగా తొలగించి, యంత్రాన్ని మళ్లీ ప్రారంభించి ప్రయత్నించాలి. యాంటీవైరస్ అడ్డుపడుతున్నదని నిశ్చయమైతే, ఫైలు అధికారిక పుట నుండి వచ్చినదని ధ్రువపరచుకున్న తరువాతనే, ఇంటర్నెట్ తెంపి, కొద్ది నిమిషాలు ఆపి, పని ముగియగానే మళ్లీ ఆన్ చేయాలి.

6. ఒక నమూనా పరిష్కారం

శుభలేఖలు వేసే ఒక దుకాణంలోని కంప్యూటర్‌ను ఊహించుకుందాం. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 2 జి.బి. ర్యామ్, 32 బిట్‌ల విండోస్ 7. వధూవరుల ఫోటోలను దిద్దడానికి గింప్‌ను ఎక్కించాలని యజమాని ప్రయత్నిస్తున్నారు. మొదట అధికారిక వెబ్‌సైటే తెరుచుకోలేదు. భద్రతా పత్రం చెల్లదని హెచ్చరిక వచ్చింది. పక్క దుకాణం నుండి ఫైలు తెచ్చుకున్నారు. అది ఇన్‌స్టాల్ కాలేదు.

ఇక్కడ రెండు లోపాలు ఉన్నాయి. తెర మూలన ఉన్న గడియారం 2009వ సంవత్సరం చూపుతున్నది. అంటే బ్యాటరీ అరిగిపోయింది. బ్యాటరీ మార్చి తేదీ సరిదిద్దగానే మొదటి లోపం తొలగింది. రెండవ దానికి పోలిక అవసరం. పక్క దుకాణంలో విండోస్ 10 ఉన్నందున అక్కడ 3.0 సంచిక దిగింది. అది విండోస్ 7కు పనికిరాదు. అధికారిక పుటలోని పాత సంచికల విభాగం నుండి 2.10 సంచికను తెచ్చుకుంటే, దాని ఇన్‌స్టాలర్‌లో 32 బిట్‌ల భాగం కూడా ఉన్నందున, అది ఎక్కుతుంది.

ఈ యజమాని ఫోటోషాప్ కొత్త సంచికనే కోరి ఉంటే సమాధానం వేరుగా ఉండేది. ఆ ప్రాసెసర్‌కు ఎస్.ఎస్.ఇ. 4.2 తెలియదు కాబట్టి ఇక ప్రయత్నం మానుకోవాలి. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఈ విద్యలో భాగమే. పది గంటల వృథా శ్రమను అది ఆదా చేస్తుంది.

7. యంత్రం సరిపోనప్పుడు ఉన్న దారులు

పాత సంచిక. చాలా ఉచిత సాఫ్ట్‌వేర్ల పాత సంచికలు వాటి అధికారిక పుటలలోనే దొరుకుతాయి. డబ్బు పెట్టి కొన్నవారు తమ లైసెన్సు పాత సంచికకు వర్తిస్తుందేమో తయారీదారులను అడగవచ్చు.

తెలుగు పరీక్ష. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ముందు "శ్రీరస్తు", "స్త్రీ", "క్షేత్రం", "ఆహ్వానపత్రిక" వంటి సంయుక్తాక్షరాల పదాలను యూనికోడ్‌లో టైపు చేసి చూడాలి. ఒత్తులు విడిపోయి పక్కకు జరిగితే ఆ సంచిక మన పనికి రాదు. పుటల అమరికకు వాడే స్క్రైబస్‌లో 1.4 సంచికలు తెలుగును సరిగా కూర్చలేవు, 1.5.3 సంచిక నుండి ఆ సామర్థ్యం వచ్చింది. ఫోటోషాప్ వంటి వాటిలో దక్షిణాసియా భాషల కూర్పు ఎంపికను సెట్టింగులలో ఎంచుకుంటేనే ఒత్తులు కుదురుకుంటాయి.

భాగాల మార్పిడి. 64 బిట్‌ల ప్రాసెసర్ ఉన్న యంత్రానికి ర్యామ్ పెంచి, పాత హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్.ఎస్.డి. అమర్చితే చాలా యంత్రాలు మరికొన్నేళ్లు పనికివస్తాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ పరిమితులు మాత్రం దీనివలన తొలగవు. కాబట్టి మూడవ విభాగపు పోలిక చేసిన తరువాతనే డబ్బు ఖర్చు చేయాలి.

లినక్స్. గింప్, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ మూడూ ఉచితంగా లినక్స్‌లో లభిస్తాయి. పాత యంత్రం మీద తేలికపాటి లినక్స్ వేస్తే భద్రతా నవీకరణలు కూడా అందుతాయి. అయితే పేజ్‌మేకర్, కోరల్‌డ్రా ఫైళ్ల మీద ఆధారపడినవారు పాత విండోస్‌ను తొలగించకుండా మరొక డిస్క్ మీద లినక్స్ వేసుకోవడం వివేకం.

రెండు యంత్రాల పద్ధతి. పాత ఫైళ్లను తెరవడానికి పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్ లేకుండా ఉంచుకొని, కొత్త పనికి, లావాదేవీలకు వేరొక యంత్రాన్ని వాడవచ్చు. మద్దతు ముగిసిన విండోస్‌లో బ్యాంకు పనులు చేయకపోవడం మంచిది.

8. క్రాక్ అనే ప్రలోభం

ఇన్‌స్టలేషన్ విఫలమైన వేళ ఎవరో ఒకరు "మా దగ్గర క్రాక్ ఉన్నది, ఐదు నిమిషాలలో వేస్తాము" అంటారు. యాంటీవైరస్ ఆపివేయమనడం అందులో మొదటి షరతు. అంటే ఇంటి తలుపు తీసిపెట్టి అపరిచితుని లోనికి పిలవడమే. ఫైళ్లన్నింటికీ తాళం వేసి డబ్బు కోరే రాన్సమ్‌వేర్, టైపు చేసిన పాస్‌వర్డులను దొంగిలించే కార్యక్రమాలు ఈ దారిలోనే వస్తాయి. పెండ్లిళ్ల కాలంలో ఒక దుకాణపు ఫైళ్లన్నీ అలా మూతపడితే నష్టపోయేది ఆ దుకాణం ఒక్కటే కాదు, శుభలేఖల కోసం ఎదురుచూసే కుటుంబాలు కూడా.

చట్టపరంగా కూడా ఇది చిన్న విషయం కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ ప్రకారం, దొంగ ప్రతి అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామును వాడటం నేరం. దానికి 7 రోజుల నుండి 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, 50,000 నుండి 2,00,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఫోనులో సహాయం చేస్తామని చెప్పి కంప్యూటర్‌ను దూరం నుండి తమ అధీనంలోకి తీసుకొని డబ్బు కాజేసినవారిపై వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఇది సైబర్ ఆర్థిక మోసాలకు దేశమంతటా పనిచేసే సహాయ సంఖ్య.

9. మరమ్మతు దుకాణానికి వెళ్లేటప్పుడు

అన్ని పరీక్షలు చేసినా ఫలితం లేకపోతే నిపుణుని ఆశ్రయించాలి. అప్పుడు నోటు పుస్తకం, సందేశం ఫోటో వెంట తీసుకువెళ్లాలి. ఆ దుకాణంలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియాయో మాట్లాడతారు. మనకు ఆ భాషలో సాంకేతిక వివరణ ఇవ్వడం కష్టం కావచ్చు. అంకెలకూ ఫోటోలకూ ఆ ఇబ్బంది లేదు. "1603 వచ్చింది, తేదీ సరిచేశాను, చోటు ఉన్నది, కొత్త యూజర్ ఖాతాలోనూ అదే ఫలితం" అని కాగితం మీద చూపితే సగం పని తీరినట్లే. నా అనుమతి లేకుండా ఫార్మాట్ చేయవద్దని రసీదు మీద వ్రాయించుకోవాలి.

యంత్రాన్ని వదులుకోవలసి వస్తే దానిని చెత్తబుట్టలో వేయరాదు. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాటిని నమోదైన రీసైక్లర్లకు చేరే మార్గంలోనే అప్పగించాలి. నగరపాలక సంస్థ ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రం ఎక్కడ ఉన్నదో వార్డు కార్యాలయంలో అడగవచ్చు. ఇచ్చే ముందు హార్డ్ డిస్క్‌ను తీసి దాచుకోవడమో, అందులోని సమాచారాన్ని పూర్తిగా చెరిపించడమో చేయాలి.

అభ్యాసము

కింది సందర్భాలకు కారణం, పరిష్కారం చెప్పండి. సమాధానాలు చివర ఉన్నాయి.

1. సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఇన్‌స్టాల్ అయింది. ఐకాన్ మీద నొక్కితే ఒక క్షణం తెర మెరిసి మూసుకుపోతుంది.

2. ఇన్‌స్టాలర్ 1618 సంఖ్య చూపి ఆగింది.

3. 5 జి.బి. ఇన్‌స్టాలర్ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కడం లేదు. పెన్‌డ్రైవ్ మాత్రం 32 జి.బి.లది, ఖాళీగా ఉన్నది.

4. విండోస్ మళ్లీ వేయించిన తరువాత పాత శుభలేఖల ఫైళ్లలో తెలుగు బదులు ఆంగ్లాక్షరాలు కనబడుతున్నాయి.

5. బ్రౌజర్‌లో ఇంటర్నెట్ వస్తున్నది; ఇన్‌స్టాలర్ మాత్రం ఇంటర్నెట్ లేదంటున్నది. యంత్రంలో విండోస్ 7 ఉన్నది.

సమాధానాలు

1. గ్రాఫిక్స్ సామర్థ్యం లేదా డ్రైవర్ లోపం కావచ్చు. డ్రైవర్ నవీకరించి, ఓపెన్‌జి.ఎల్. అవసరాన్ని పోల్చాలి. 2. వేరొక ఇన్‌స్టలేషన్ నడుస్తున్నది. అది ముగిసే వరకు ఆగి, అవసరమైతే యంత్రాన్ని మళ్లీ ప్రారంభించాలి. 3. పెన్‌డ్రైవ్ ఫ్యాట్ 32 పద్ధతిలో ఉన్నది. అందులోనివి భద్రపరచి, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేయాలి. 4. పాత ఫాంట్లు పోయాయి. ఫైళ్లు పాడు కాలేదు, అవే ఫాంట్లను మళ్లీ ఎక్కిస్తే తెలుగు కనబడుతుంది. 5. ఇన్‌స్టాలర్‌కు టి.ఎల్.ఎస్. 1.2 అందడం లేదు. ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ వాడాలి.